వేలెడు వదులు

కత్తెర నా చేతిలోంచి ఎప్పుడు జారిందో నాకు తెలియదు. కింద పడ్డ చప్పుడు విని, "ఎవరది, కత్తెర పడేసింది?" అని గయ్యిమన్నాను. కొట్టులో నేనూ మా ఆయనా తప్ప ఇంకెవరూ లేరు. ఆయన మిషను ఆపి నా కుడిచేతి వంక చూశారు. వేళ్ళు ఇంకా కత్తెర పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

మాది కోట్లు కుట్టే కొట్టు. కత్తిరించేది నేను, కుట్టేది ఆయన. మా మామగారు ఈ పని కోడలికి నేర్పారు గానీ కన్నకొడుక్కి నేర్పలేదు. వీడి చేతికి కత్తెరిస్తే గుడ్డ ఏడుస్తుంది అనేవారు. అందుకని నా చెయ్యి పోతే మా ఇంట్లో కత్తెర పట్టే దిక్కు లేదు. అది అలా ఉంచండి, ఆ చెయ్యి పోతే నేనెందుకు ఉన్నానో నాకే తెలియదు. వంట అంతంతమాత్రం, మాటా కరుకే. నాకు చేతనైందల్లా గుడ్డ మీద సుద్దగీత గీసి, దాని వెంట కత్తెర నడిపించడం.

"మెడలో నరం నలుగుతోందమ్మా. ఆపరేషన్ చేస్తే చెయ్యి దక్కుతుంది," అన్నారు డాక్టరు. "కానీ ఎక్కడ నలుగుతోందో ఎమ్మారై స్కానింగ్‌లో చూడందే నేను కత్తి పట్టను."

కొలతలు తీసుకోకుండా నేనూ కత్తెర పట్టను కనుక ఆ మాట నాకు నచ్చింది. నచ్చనిదల్లా ఆ స్కానింగ్ గొట్టం. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కదలకుండా పంజరం లాంటిది బిగించి, ఎడమచేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు. మరీ భయమేస్తే అది నొక్కాలి, బయట బెల్లు మోగుతుంది. మొదటిసారి బల్ల పూర్తిగా లోపలికి వెళ్ళకముందే నొక్కేశాను. రెండోసారి భయం పోవడానికి మాత్ర వేసుకుని వెళ్ళాను. దానికి నా కాళ్ళు నిద్రపోయాయి గానీ భయం నిద్రపోలేదు. గొట్టం పైకప్పు ముక్కుకి తగిలేంత దగ్గరగా కనిపించేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మిషను నడిపే మీసాలాయన పరుగెత్తుకొచ్చి బయటికి లాగాడు.

పూర్తి మత్తిచ్చి స్కాన్ తీయాలంటే వేరే పెద్దాసుపత్రిలో వరుసలో ఉండాలట, నెలలు పడుతుందట. "అన్నాళ్ళు మనం ఆగినా నరం ఆగదు," అన్నారు డాక్టరు. ఇంటికొచ్చి దిండులో ముఖం దాచుకుని ఏడ్చాను. చెయ్యి పోతోందని సగం, ఒక గొట్టానికి జడిసిపోయానన్న ఉక్రోషం సగం.

మా ఆడపడుచు పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఏ కొత్త సంగతి విన్నా ముందు నా చెవిలో ఊదితే గాని తనకి పొద్దుపోదు.

"వదినా, మా ఈత మేడం దగ్గరికి రా. ఊపిరి నేర్పిస్తుంది."

"ఊపిరి నేర్పేదేమిటే? పుట్టినప్పట్నుంచీ తీస్తూనే ఉన్నాగా!"

"తీస్తున్నావులే. తీసిందంతా మా అన్నయ్య మీద అరవడానికే సరిపోతోంది. కాస్త నీ కోసం మిగుల్చుకో."

మిషను వెనక మా ఆయన నవ్వాపుకోవడం నాకు వినిపించింది. ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, వస్తాను పద అన్నాను.

టైర్ల కొట్టు పైన మేడగదిలో ఆ క్లాసు. ఉద్ధృత శ్వాస, ధ్యానం అని తలుపు మీద రాసుంది. గదిలో నాలుగు చాపలు, గోడకి ఒక గడియారం, కిందినుంచి వచ్చే రబ్బరు కంపు. గుండెల నిండా పీల్చమంటారు, పీలిస్తే టైరు నమిలినట్టుంటుంది. ఈత మేడం ఒకప్పుడు పిల్లలకి ఈత నేర్పేదట. మోకాళ్ళు మొరాయించాక నీళ్ళొదిలేసి గాలి పట్టుకుంది. భారీ మనిషి, మెత్తని గొంతు. డాక్టరు సరేనన్నారా అని ముందు అడిగి, నా చేత ఆయనకి ఫోన్ చేయించి, అప్పుడు చాప చూపించింది.

"ఒట్టి ధ్యానమంటే మనసు కూర్చోదమ్మా, లేచి తిరుగుతుంది. అందుకని ముందు ఊపిరితో దాన్ని అలిసిపోయేలా చేద్దాం. అలిసిపోయాక అదే కూర్చుంటుంది. మెడ మాత్రం విదిలించకూడదు. ఇది నీళ్ళలోనూ బండి నడిపేటప్పుడూ ఎప్పుడూ చేయకూడదు. సరేనా?"

సరేనన్నాను. పడుకున్నాం. "పీల్చు… వదులు… పీల్చు… వదులు…" అంటూ జోరు పెంచింది. నాకు పని ఏదైనా ఒకటే పద్ధతి, పట్టుకుంటే పీకి పాకం పెట్టాల్సిందే. పక్క చాప మీద ఆడపడుచు కన్నా గట్టిగా పీల్చాను. కాసేపటికి పెదాలు బిగుసుకున్నాయి. తర్వాత ఎడమచేతి వేళ్ళు జిల్లుమన్నాయి. కుడిచేతికి ఈ రోగం మొదలైంది సరిగ్గా ఆ జిల్లుతోనే.

దిగ్గున లేచి కూర్చున్నాను. "నా రెండో చెయ్యి కూడా పోయింది! ఉన్న ఒక్కటీ పోగొట్టావు కదమ్మా!"

"వేగంగా పీలిస్తే అందరికీ వచ్చేదే అది. నెమ్మదిస్తే పోతుంది. చూడు, నీ పక్కావిడకీ వచ్చింది."

"నాకూ వచ్చింది వదినా," అంది ఆడపడుచు కళ్ళు మూసుకునే. "వదిలెయ్ వదినా, వదిలెయ్."

వదిలేది లేదు, పెట్టేది లేదు అని చెప్పులేసుకుని మెట్లు దిగాను. కిందికొచ్చేసరికి ఎడమచెయ్యి మామూలుగానే ఉంది. ఆవిడ చెప్పింది నిజమని అర్థమై ఇంకా సిగ్గేసింది. టైర్ల దొంతర చాటున నిలబడి ముక్కు చీదుకున్నాను. ఒక గొట్టానికి జడిశాను, ఇప్పుడు నా ఊపిరికి నేనే జడిశాను, ఇక జడవడానికి ఏం మిగిలింది? మర్నాడు పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి ఆ గది తలుపు దగ్గర నిలబడ్డాను. ఈత మేడం తాళం తీస్తూ ఏమీ అడగలేదు. అడిగుంటే మళ్ళీ వెనక్కి వచ్చేసేదాన్నే.

అక్కణ్ణుంచి రోజూ వెళ్ళాను. ముందు జోరుగా ఊపిర్లు. ఆ వెనక ఊపిరంతా బయటికి పంపి, ఖాళీగా ఉండగలిగినంతసేపు ఉండడం. తర్వాత లేచి కూర్చుని ధ్యానం. ఊపిర్లలో నేనే దిట్ట. ధ్యానంలో మాత్రం అధ్వానం. కళ్ళు మూస్తే కాలర్లు కనిపించేవి. నిన్న ఇచ్చిన కోటుకి గుండీ గట్టిగా కుట్టారా లేదా అని ఆయన మీద అనుమానం వచ్చేది. అన్నిటికన్నా నన్ను సతాయించింది ఆ "వదులు" అన్న మాట. అది వినపడగానే నా బుర్ర బట్టల బల్ల దగ్గరికి పోయేది.

దర్జీ చెవికి వదులంటే ఒకటే అర్థం. మనిషి కొలతకీ బట్ట కొలతకీ మధ్య వదిలే జాగా. మా మామగారు నాకు మొదట చెప్పిందే అది. "ఒంటికి అంటుకునేట్టు కత్తిరిస్తే అది కోటు కాదమ్మా, కట్టు. ఛాతీ దగ్గర వేలెడు వదులుండాలి. లేకపోతే మనిషి చెయ్యెత్తలేడు." ఆ వేలెడు ఎక్కువైనా నేను ఒప్పుకోను. వదులుగా వేలాడే బట్ట కనిపిస్తే, అది దారిన పోయేవాడి ఒంటి మీదైనా సరే, నా చెయ్యి గుండుసూది కోసం వెతుకుతుంది.

ఇంట్లో సాధనకి నేనే ఒక మార్గం కనిపెట్టాను. కొట్టు మూశాక బట్టలు కత్తిరించే బల్ల కింద దూరి వెల్లకిలా పడుకునేదాన్ని. అది కింద కూర్చుని కత్తిరించే పొట్టి బల్ల, చెక్క ముక్కుకి జానెడు దూరంలో ఉంటుంది. అదీ చాలదని అట్టపెట్టెలు తెచ్చి రెండు పక్కలా పేర్చాను. ఆ స్కానింగ్ మిషను ఊరికే ఉండదు, గునపంతో గోడ పగలగొట్టినట్టు చప్పుడు చేస్తుంది. కాబట్టి మా ఆయన్ని స్టీలు పళ్ళెమూ గరిటా పట్టుకుని బల్ల పక్కన కూర్చోమన్నాను.

"ఎంత గట్టిగా కొట్టనే?"

"నా మీద ఉన్న కోపమంతా తీర్చుకునేంత."

"అయితే పళ్ళెం ఆగదు," అని కొట్టడం మొదలుపెట్టారు. మూడు దెబ్బలకే బల్ల కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చాను. ఆయన నవ్వలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, "మళ్ళీ వెళ్తావా?" అన్నారు. వెళ్ళాను. రోజూ వెళ్ళాను. ఎదురింటివాళ్ళు తలుపు తట్టి అంతా క్షేమమేనా అని అడిగితే ఆయన పళ్ళెం వెనక దాచి, మిషను బాగుచేస్తున్నామండీ అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం, చేతిని కళ్ళతో కనిపెట్టుకుంటూ నెమ్మదిగా ఒక కోటు చేతి ముక్క కత్తిరిస్తున్నాను. ఆయన దారం తెంపుతూ అన్నారు. "చూశావా, మళ్ళీ ఆపావు."

"ఏం ఆపాను?"

"ఊపిరి. కత్తెర మూసినప్పుడల్లా ఆపేస్తావు. పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నాగా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నోటినిండా గుండుసూదులు పెట్టుకున్న మనిషికి ఏం చెప్పమంటావు? ఈ ఇంట్లో నాకు ప్రశాంతత దొరికేదే అప్పుడు."

ఆయన్ని తిట్టబోయి ఆగిపోయాను. మళ్ళీ కత్తెర వేసి చూసుకున్నాను. నిజమే. కత్తెర తెరుచుకోగానే ఒక ఊపిరి లోపలికి వెళ్తుంది, అక్కడే బిగుసుకుంటుంది, కోత పూర్తయితే గాని బయటికి రాదు. గీత తప్పకూడదు కదా! ఆ గొట్టంలోకి వెళ్ళగానే నేను చేసిందీ ఇదే. ఊపిరి బిగబట్టి, ఈ కోత ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూశాను. అక్కడ కోత పూర్తికాదు. బిగబట్టింది బిగబట్టినట్టే ఉండి, ప్రాణం గొంతులోకొచ్చింది.

ఈ సంగతి ఈత మేడంకి చెబితే ఆవిడ తొడ చరిచింది. "అదీ! నువ్వు పీల్చడంలో రాక్షసివి. వదలడమే సగంలో ఆపేస్తున్నావు. ఎందుకో నాకు అంతుపట్టలేదు."

"ఎంత వదలాలి మరి?" అన్నాను. కొలత చెప్పకుండా వదలమంటే నాకు కుదరదు.

"మీ బట్టల్లో ఎంత వదులుతారు?"

"వేలెడు."

"అంతే. ఇక అయిపోయింది అనుకున్నాక ఇంకో వేలెడు వదులు."

ఆ రోజు బల్ల కింద ఆయన పళ్ళెం వాయిస్తుంటే, ఊపిరి అంతా వదిలాననుకున్నాక పక్కటెముకల దగ్గర ఇంకో వేలెడు వదిలి చూశాను. చెక్క ఉన్నచోటే ఉంది. నేనే కాస్త కిందికి దిగినట్టయింది. ఆయన చెయ్యి నొప్పెట్టి గరిట రెండో చేతికి మార్చుకునేదాకా అలాగే పడుకున్నాను. లేచాక, రేపే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి అన్నాను.

స్కానింగ్ రోజు గాజులూ ఉంగరమూ తీసి ఆయన చేతిలో పెట్టి, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాను. వాళ్ళిచ్చిన గౌనులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. భుజం జారుతోంది, వెనక తెరుచుకుంటోంది. ఇలాంటిది వేసుకుని మనిషి ధైర్యంగా ఎలా ఉంటుంది? నా చెయ్యి ఊరుకోలేదు. సంచిలోంచి గుండుసూదులు తీసి, భుజం దగ్గరా నడుం దగ్గరా మడతలు పెట్టి, చక్కగా ఒంటికి సరిపోయేట్టు చేసుకుని, సంచి అల్మారాలో పెట్టి బయటికొచ్చాను.

మీసాలాయన ఇనుము పట్టే కర్ర నా ఒంటి చుట్టూ తిప్పాడు. అది కెవ్వుమంది. ఇంకోచోట పెట్టాడు. అక్కడా కెవ్వుమంది.

"ఏమిటమ్మా ఇవి? సూదులా! లోపలున్నది అయస్కాంతమమ్మా! వీటితో వెళ్తే ఏమవుతుందో తెలుసా?"

"గౌను వదులుగా ఉందని…"

"వదులుగానే ఉండనివ్వండి! ఇక్కడెవరు చూడొచ్చారు మిమ్మల్ని?"

గదిలో ఉన్నవాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. ముఖం జేవురించింది. సూది వెంట సూది తీస్తుంటే కుడిచేతి వేళ్ళకి అవి తగులుతున్నట్టే తెలియలేదు. మా ఆయనే లేచొచ్చి తీసిపెట్టారు. నా ధైర్యమంతా ఆ సూదులతోపాటు ఆయన అరచేతిలోకి పోయింది. అది చాలదన్నట్టు, లోపల నేను చేయబోయే ఊపిర్ల గురించి చెబితే మీసాలాయన తల అడ్డంగా ఊపాడు.

"అలా ఎగపీలిస్తే మెడ కదులుతుందమ్మా. స్కాన్ చెడిపోతుంది. లోపల ఏమీ చేయకూడదు."

ఇన్నాళ్ళూ నూరుకున్న కత్తిని గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళమంటే ఎలా? వెనక్కి పోదామా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆయన చేతిలో ఉన్న సూదుల వంక చూశాను. వాటిని నా వేళ్ళు గుర్తుపట్టలేదు. లేదు, ఈ చెయ్యిని నేను వదులుకోను. "కాసేపు ఆగండి," అన్నాను మీసాలాయనతో. అక్కడే బల్లపీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, జోరుగా ఊపిర్లు మొదలుపెట్టాను. పక్కనెవరో ముసలాయన, ఈవిడకేదో అయిందండోయ్ అని కేకేశాడు. "ఏం కాలేదండీ, మా ఆవిడ పనిలో ఉంది," అన్నారు ఆయన. చెయ్యాల్సిందంతా అక్కడే చేసేసి, మనసుని అలిసిపోయేలా చేసి, దాన్ని తీసుకుని లేచాను. లోపల మిగిలింది ధ్యానం ఒక్కటే. అదేమో నాకు రానిది.

పంజరం బిగించారు. ఎడమచేతిలో బంతి పెట్టారు. బల్ల కదిలింది. పైకప్పు ముఖం మీదికొచ్చింది. ఊపిరి ఠక్కున బిగుసుకుంది, పాత కత్తెర అలవాటు. ఎడమచెయ్యి బంతిని పిసకడం మొదలుపెట్టింది. వదులు, అన్నాను నాకు నేనే. వదిలాను. ఇంకో వేలెడు. గౌను భుజం దగ్గర జారి, చల్లగాలి తగిలింది. వదులుగా ఉండడం వల్లే గాలి వచ్చిందని తోచింది. మళ్ళీ వదిలాను. మిషను దబదబా బాదడం మొదలుపెట్టింది. ఛీ, ఇదేం వాయింపు, మా ఆయన పళ్ళెమే నయం అనిపించింది. ఎదురింటివాళ్ళకి ఆయన చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. నవ్వొచ్చేసింది.

కొంతసేపటికి బల్ల బయటికొచ్చింది. "బొమ్మల్లో ఒక వరుస చెడిపోయిందమ్మా," అన్నాడు మీసాలాయన. "ఇక్కడ ఏడ్చేవాళ్ళని చూశాను గానీ… మీరు నవ్వారా?"

"నవ్వాను."

"అది మళ్ళీ తీయాలి. ఇవాళ్టికి చాలనుకుంటే ఇంకో రోజు రండి."

"పెట్టండి లోపల," అన్నాను. "ఆ బంతి మాత్రం కుడిచేతికివ్వండి. ఎడమచెయ్యి నా మాట వినట్లేదు, నొక్కడానికే చూస్తోంది."

"కుడిచేత్తో నొక్కగలరా?"

"నొక్కే పని పడితే కదా."

మీసాలాయన, నేను పిలిస్తే వినపడేలా మైకు సరిచూసుకుని, బంతిని కుడిచేతిలో పెట్టి వేళ్ళు దాని చుట్టూ మూశాడు. నాకు ఏమీ తెలియలేదు. బల్ల మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి పైకప్పు వంక చూడలేదు, నవ్వనూ లేదు. చప్పుడు చప్పుడులా ఉండిపోయింది. ఊపిరి వెళ్ళింది, వచ్చింది. కోత ఎప్పుడు పూర్తవుతుందా అని చూడడం మానేశాను. కాలర్లు గుర్తురాలేదు, ఆయన కుట్టిన గుండీ గుర్తురాలేదు. ఇదేనేమో ధ్యానమంటే అని అనుకునేంత తీరిక కూడా లేదు.

బల్ల బయటికొచ్చేసరికి మీసాలాయన ముఖం విప్పారి ఉంది. "వచ్చిందమ్మా! శుభ్రంగా వచ్చింది." పంజరం విప్పి, బంతి తీసుకుందామని చెయ్యి చాపి ఆగిపోయాడు. "బంతేదీ?"

తలతిప్పి చూసుకున్నాను. నా వేళ్ళు బంతిని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. బంతి బల్ల పక్కన తీగకి వేలాడుతోంది.

"ఎప్పుడు జారిపోయింది?" అన్నాడు, అతని గొంతులోనే భయం. "లోపల మీకు భయమేసుంటే ఏం చేసేవాళ్ళు?"

చెయ్యి అంత మొద్దుబారిపోయిందే అని దిగులేసింది. ఆ వెనకే, బంతి లేకుండానే ఉన్నానన్నమాట అని తెలిసి ఏడుపొచ్చింది. రెండూ కలిసి ముఖమంతా తడిపేశాయి. ఆ ముఖంతోనే బయటికొచ్చాను. ఆయన గాజులూ సూదులూ ఒకే గుప్పిట్లో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఏమైందే? నొక్కేశావా?"

"లేదండీ," అన్నాను వెక్కుతూ. "వదిలేశాను."

ఆయన ముఖం వాడిపోయింది. కానీ వెంటనే సర్దుకుని, జారిపోతున్న నా గౌను భుజం పైకి లాగి, మెల్లగా అన్నారు. "పోనీలే, ఏడవకు. మళ్ళీ వద్దాం. నువ్వు రమ్మన్నన్నిసార్లు వస్తాను. ఇంకో పళ్ళెం కొనుక్కుందాం."

"మళ్ళీ ఎందుకండీ," అన్నాను. "అయిపోయింది."